గీతల్లేని బుష్షులు

బోధన్‌ల ఏ లేత్ షాపుల తీసిన బుష్షుకైనా మొఖం మీద ఒక గుర్తు ఉంటది. బుష్షు అంటే పెద్ద సంగతేం కాదు, షాఫ్టు తిరిగేటప్పుడు అరగకుండ దాని చుట్టూ తొడిగే గన్‌మెటల్ కడియం. ఒక షాపాయన దాని మీద పంచుతోని ఒక చుక్క కొడతడు. ఇంకొకాయన చుట్టూ ఒక గీత గీస్తడు. మా బాపుది రెండు గీతలు. వెంట్రుక సన్నం, పక్కపక్కన. కంటికి ఒక్కటే అనిపిస్తది, గోరు పెట్టి గీకితే రెండని తెలుస్తది. పని అంతా అయినంక, బుష్షు మిషన్ మీదికెళ్లి దిగే ముందు, టూలు మొనను రెండుసార్లు అట్ల తాకిచ్చి ఇట్ల తీసేటోడు. అంతే.

చెరుకు సీజన్‌ల గానుగ ఆగిపోతే రైతు బుష్షును తువాలల చుట్టుకొని దగ్గరున్న షాపుకు ఉరుకుతడు. షాపాయన ముందు దాని మొఖం చూస్తడు. గుర్తు వేరేవాళ్లదైతే "గిది ఫలానా ఆయనది, ఆయన తానికే పో" అని పంపుతడు. ఆ గుర్తు ఎవరిదో వాళ్లు చేతిల పని పక్కన పెట్టి, ముందు దాన్ని చేసియ్యాలె. ఇది ఎక్కడ రాసి లేదు. అందుకే అందరు పాటిస్తరు.

నేను మాత్రం ఆ గీతలను చూసి, బాపు సంతకం చేసుకొని మురుస్తున్నడు అనుకునేటోన్ని. నిజామాబాద్‌ల పాలిటెక్నిక్ చదివినోన్ని గదా, తప్పుగ అర్థం చేసుకునుడు మంచిగ నేర్పిండ్రు.

బాపు చక్కెర ఫ్యాక్టరీ వర్క్‌షాపుల లేత్ నడిపే టర్నర్. అక్కడి కొలువు బంద్ అయినంక ఇంటెనుక రేకుల షెడ్డు ఏసి, పాత లేత్ మిషన్ ఒకటి పెట్టుకున్నడు. అది నాకంటె వయసుల పెద్దది, ఇంట్ల మర్యాద గూడ దానికే ఎక్కువ. శనివారం పొద్దుగూకంగ బాపు దాని బెల్టు తీసి గోడకున్న మొలకు తగిలిచ్చేటోడు. ఆదివారం తెల్ల అంగీ తొడుక్కొని చర్చికి పోయేటోడు. సోమవారం పొద్దున మళ్ల బెల్టు ఎక్కిచ్చేటోడు. వరదలొచ్చినా, సీజనొచ్చినా, ఆదివారం మా షెడ్డుల సప్పుడు లేదు. "ఏడో నాడు దేవుడే చెయ్యి ఖాళీ పెట్టుకున్నడు, మనమెంత" అనేటోడు. అంతకంటె పెద్ద ప్రసంగం ఆయన నోట్ల నేను వినలే.

నాకు అప్పుడు ఇరవై రెండు. కాలేజీవాళ్లు హైదరాబాద్ తీస్కపోయి అద్దం ఎనుక ఒక కంప్యూటర్ లేత్‌ను చూపెట్టిండ్రు. ముట్టనియ్యలే. ముట్టనియ్యని దాని మీద మనిషికి ప్రేమ ఎక్కువ. ఇంటికొచ్చి చెప్పిన.

"బాపూ, మన మిషన్‌ను గూడ కంప్యూటర్ మీద నడిపిస్త."

"మన మిషన్‌కు ఏమైంది?"

"ఏం కాలే."

"మరి ఎందుకు?"

దీనికి జవాబు దొరకలే. జవాబు దొరకలేదు కాబట్టి పని మొదలువెట్టిన.

నిజామాబాద్‌ల ఒక ఇంటర్నెట్ సెంటర్ మూతపడుతుంటే పాత కంప్యూటర్ తెచ్చిన. ప్రోగ్రామును ఫ్లాపీలల్ల ముక్కలు ముక్కలుగ మోసుకొచ్చిన. మోటర్లు ముందు పాత ప్రింటర్లల్లకెళ్లి పీకిన. వాటికి కాగితం జరుపుడు అలవాటు, ఇనుము జరుపుమంటే ముసలోళ్ల లెక్క మూలిగినై. ఆఖరుకు హైదరాబాద్ రాణిగంజ్ పోయి స్క్రాపుల పెద్ద మోటర్లు రెండు ఏరుకొచ్చిన. మోటరుకు, టూలును జరిపే మిషన్ స్క్రూకు నడుమ మందు కొట్టే పంపు రబ్బరు పైపు ముక్క ఏసి క్లిప్పులతోని బిగిచ్చిన. టూలును జరపనీకి బాపు చేతితోని తిప్పే చక్రాలు రెండు ఊడదీసి బెల్టు పక్కన అదే మొలకు తగిలిచ్చిన. ఆ చక్రాల పిడులు ఆయన అరచెయ్యి రాసుకొని రాసుకొని నున్నగైనై. నేను అది గమనించిన. గమనించి తగిలిచ్చిన.

అవ్వ తన పాత చీర తెచ్చి, దుమ్ము పడొద్దని కంప్యూటర్ మీద కప్పింది. అప్పటికెళ్లి షెడ్డుల ఎవరో చుట్టం పండుకొని, లేస్తలేడన్నట్టు ఉండె.

కరెంటు పోతే కంప్యూటర్‌కు టూలు ఎక్కడున్నదో యాది ఉండకపోయేది. బాపుకు కరెంటు పోతే చాయ్ యాదికొచ్చేది. బోధన్‌ల కరెంటు పోవుడు ఎంతనో మీకు తెలుసు కాబట్టి, ఆ దినాలల్ల మా ఇంట్ల చాయ్ మస్తు తాగినం.

జక్రాన్‌పల్లి పటేల్‌కు ఈ సంగతి తెలిసింది. ఆయనకు పసుపు పాలిష్ చేసే డ్రమ్ములు ఉన్నయి. ఉడకపెట్టి ఎండవోసిన పసుపు కొమ్ములను వాటిల పోసి తిప్పితే పొట్టు రాలి మెరుస్తయి. సీజన్ల ఆ డ్రమ్ములు ఊరూరికి కిరాయికి పోతయి. వాటి బుష్షులు ఏండ్ల సంది బాపే తీసిస్తున్నడు. పటేల్ వచ్చి చీర లేపి కంప్యూటర్‌ను చూసిండు, పెండ్లిపిల్లను చూసినట్టే.

"సోమవారం వస్త. ఎనిమిది బుష్షులు దీని మీద తీసి సూపెట్టు. మంచిగుంటే సీజన్‌కు నలభై నీకే."

శనివారం పొద్దున మొదలువెట్టిన. మొదటి బుష్షు షాఫ్టు మీద లొడలొడ ఆడింది. రెండోది ఎక్కనే ఎక్కలే. మధ్యాహ్నం వరకు ఎనిమిది తీసిన, ఎనిమిది సైజులు. ఒక్క తల్లి పిల్లలు గూడ అంత తేడాగ ఉండరు. తెర మీద మాత్రం అన్ని అంకెలు కరెక్టే. నేను ఆ అంకెలను బాపుకు చూపెట్టిన, తప్పు గన్‌మెటల్‌ది అన్నట్టు.

బాపు బుష్షులు ఒక్కొక్కటే చేతిల తిప్పి కింద పెట్టిండు. "స్క్రూ పట్టే లోపటి నట్టు అరిగింది. చక్రం ఎనక్కి తిప్పితే పావు చుట్టు ఉట్టిదే పోతది, టూలు కదలది. గా పావు చుట్టు నాకెర్క. దీనికెవలు చెప్పిండ్రు?"

"ముందే చెప్పకపోయినవా?"

"నువ్వు అడిగినవా?"

"నువ్వే చెప్పొచ్చు గదా."

"మిషన్‌ను మార్చినవు గదా, నన్ను గూడ ఊడదీసి మొలకు తగిలిచ్చినవనుకున్న."

నవ్వుకుంటనే అన్నడు. పొద్దుగూకింది, బెల్టు తీసి తగిలిచ్చి స్నానానికి పోయిండు.

ఆదివారం. చర్చికెళ్లి వచ్చినంక అన్నం తింటుంటే అడిగిన. ఎట్ల అడిగిన్నో ఇప్పుడు యాది చేసుకుంటె అవ్వ వడ్డించే గంటె సప్పుడు ఒక్కటే వినవడ్తది.

"బాపూ, ఆ ఎనిమిది నువ్వు తీసియ్యవా?"

"ఇయ్యాల ఆదివారం."

"తెలుసు."

"తెలిసే అడుగుతున్నవు."

"ఆ."

ఆయన అన్నం మొత్తం తిన్నడు. చెయ్యి కడుక్కున్నడు. అవ్వ "అంగీనన్న ఇడువు" అన్నది. ఇడువలే, చేతులు పైకి మడుసుకున్నడు. షెడ్డుల మొలకున్న చక్రాలు తీసిండు. నా క్లిప్పు వదులు చేసి రబ్బరు పైపు గుంజి పక్కన పెట్టిండు. చక్రాలు ఎక్కిచ్చిండు. బెల్టు ఎక్కిచ్చి స్విచ్చి ఏసిండు. మా ఇంట్ల ఆదివారం మిషన్ సప్పుడు వినుడు నాకు అదే మొదలు.

గోడవతల ఉండే చర్చి పెద్దమనిషి తల లేపి చూసిండు.

"ఏందన్నా, ఇయ్యాల నడుపుతున్నవు?"

"పిల్లగాని పరీక్ష ఉన్నదన్నా."

"గట్లనా. దేవుడు పాస్ చేస్తడు తీయ్" అని తల దించిండు. పరీక్ష రాసేది ఎవరు, పాసయ్యేది ఎవరు అని ఆయనా అడగలే, దేవుడు గూడ అడగలే.

మొదటి బుష్షు అయిపోయింది. బాపు టూలును దాని మొఖం దగ్గరికి తెచ్చిండు, రెండు గీతలకు. అప్పుడు నేను నోరు తెరిచిన.

"బాపూ, గీతలు వద్దు."

చెయ్యి ఆగింది. "ఎందుకు?"

"కంప్యూటర్ గీతలు పెట్టది గదా."

మిషన్ తిరుగుతనే ఉన్నది. బాపు నా దిక్కు చూడలే, బుష్షునే చూసిండు. "అదీ నిజమే. ఆదివారం పనికి నా అడ్రస్ ఎందుకు" అని టూలు ఎనక్కి తీసిండు.

నాకు ఆ నిమిషాన సిగ్గు కాలే. హమ్మయ్య అనిపిచ్చింది. ఇయ్యాల నాకున్న సిగ్గంతా ఆ హమ్మయ్యదే.

ఆ తరువాత ఏడు బుష్షులు. పని ముగిసినప్పుడల్లా ఆయన చెయ్యి అలవాటు మీద మొఖం దాకా పోయి, ఆగి, ఎనక్కొచ్చేది. ఏడుసార్లు. నేను చీర కొంగుతోని కంప్యూటర్ తెర తుడుచుకుంట కూసున్న. అంత శుభ్రంగ ఆ తెర మళ్లెప్పుడు లేదు.

సోమవారం పటేల్ షాఫ్టు ముక్కను గోనెసంచిల చుట్టుకొని వచ్చిండు. నేను అప్పటికే చక్రాలు ఊడదీసి, రబ్బరు పైపు బిగిచ్చి, మిషన్ల గన్‌మెటల్ ఏం పెట్టకుండనే కంప్యూటర్‌ను నడిపిస్తున్న. మోటర్లు గుయ్యిమన్నయి, టూలు ముందుకు పోయింది, ఎనక్కి వచ్చింది. ఉట్టి గాలిని కోసింది. పటేల్ గాలి కోతను నోరు తెరిచి చూసిండు. అప్పుడు పేపర్ల చుట్టిన ఎనిమిది బుష్షులు తీసి ఆయన చేతిల పెట్టిన.

షాఫ్టు మీద ఒక్కొక్కటే తొడిగిండు. ఏదీ ఆడలే, ఏదీ బిగుసుకోలే. ఎనిమిదింటిని మెల్లగ జరిపి చూసి తల ఊపిండు.

"ఇదీ పనంటే." బాపు దిక్కు తిరిగిండు. "ఏమనుకోకు, నీ బుష్షుల మీద ఎప్పుడు గా గీకుడు ఉంటుండె. గిది సూడు, అద్దం లెక్క."

బాపు చాయ్ గ్లాసు పట్టుకొని నిలవడ్డడు. "అవు పటేలా. చేతి పని గదా, ఎక్కడన్న గీక్కపోతది."

"మరేమనుకున్నవు. ఇగ నువ్వు కూసుండి తిను, కొడుకు ఎదిగిండు." నాతోని అన్నడు, "నలభై కావాలె. కంప్యూటరే తియ్యాలె సుమా. ముసలాయన చెయ్యి తగలొద్దు."

ఎవరేమన్నా మీద ఒక మాట ఎక్కువ అనుడు నాకు పుట్టు గుణం. చావింట్ల గూడ నాకు ఒక మాట తోస్తది, అవ్వ మోచేతితోని పొడుస్తది. ఆ రోజు తోయలే. తెర మీది అంకెలు చూసుకుంట "సరే పటేలా" అన్న. బాపు ఆయనకు చాయ్ ఇచ్చిండు. నాకు గూడ ఇచ్చిండు. నాది చల్లారింది.

వారం పది రోజులు నలభైల ఒక్కటి గూడ మొదలువెట్టలే. బాపు అడగలే. అడిగితే బాగుండు అనిపిచ్చింది, అడగలే. ఒకనాడు జక్రాన్‌పల్లి బస్సు ఎక్కిన.

పటేల్ కొట్టంల డ్రమ్ములకు నూనె పోస్తున్నడు. బస్సుల అనుకున్న మాటలు చానా ఉండె, దిగినంక రెండే మిగిలినై.

"పటేలా, ఆ ఎనిమిది బాపు తీసినవి. కంప్యూటర్ తియ్యలే."

ఆయన నూనె డబ్బా కింద పెట్టి నా భుజం మీద చెయ్యేసిండు.

"మీ నాయన పంపిండా?"

"లేదు. ఆయనకు తెల్వది."

"నువ్వే వచ్చినవా, గీ మాట చెప్పనీకి?"

"ఆ."

"నాయన పేరు తగ్గొద్దని." ఆయన కండ్లల్ల నీళ్లు తిరిగినై. "అయిన పనిని నాది కాదు, నాయనది అంటున్నవు."

"అట్ల కాదు పటేలా, నిజంగనే ఆయన..."

"నువ్వు ఎంత కాదంటె అంత మంచోనివి." కొట్టంల పని చేస్తున్న పెద్ద కొడుకును పిలిచిండు. "ఒరేయ్, ఇటు రా. గీ పిలగాన్ని సూడు. సదువుకున్నడు, కంప్యూటర్ చేసిండు, పేరు మాత్రం నాయనకిస్తున్నడు. నువ్వున్నవు ఎందుకు?"

ఆ కొడుకు నన్ను చూసిన చూపు నేను మరువ. ఆ కొట్టంల నిజం తెలిసినట్టు చూసింది ఆయనొక్కడే.

నిజం చూపెడదామంటె సాక్ష్యం లేదు. ఆ బుష్షుల మీద రెండు గీతలుంటే గోరు పెట్టి గీకి చూపెట్టేటోన్ని. ఉన్న ఒక్క సాక్ష్యాన్ని వద్దన్నది నేనే. పోయేటప్పుడు పటేల్ నా చేతిల రెండు కిలోల పసుపు సంచి పెట్టిండు. అబద్ధం ఒప్పుకోనీకి పోయి బహుమతి పట్టుకొని బస్సెక్కినోడు జిల్లాల ఇంకెవరన్న ఉంటే నాకు చెప్పుండ్రి, చెరో కిలో పంచుకుందాం.

అవ్వ పసుపెక్కడిది అన్నది. బాపు ముంగట మొత్తం చెప్పిన, ఆదివారం గీతలు వద్దన్న సంగతి గూడ, నాకు ఇప్పుడు ఎట్లున్నదో గూడ. బాపు ఇంటుంటనే నవ్వు మొదలువెట్టిండు. దగ్గొచ్చేదాక నవ్విండు.

"అబద్ధం ఆడినవు, నమ్మిండు. నిజం చెప్పినవు, నమ్మలే. ఇగ ఒక్కటే తొవ్వ ఉన్నది."

"ఏంది?"

"అబద్ధాన్ని నిజం చేసుడే."

తెల్లారి ఇద్దరం కలిసి మిషన్ ఇప్పినం. అరిగిన నట్టు తీసినం. బాపు పక్క షాపు మిషన్ మీద కొత్తది చేసిండు, రెండు ముక్కలు చేసి, నడుమ స్ప్రింగు పెట్టి, ఎటు తిప్పినా స్క్రూను అది ఒత్తుకొని ఉండేటట్టు. ఇది నేను పుస్తకంల చదివిన. ఆయన ఫ్యాక్టరీల చేసిండు. మూడు దినాలు పట్టింది. నాలుగో దినం తీసిన బుష్షు షాఫ్టు మీద నూనె జారినట్టు జారింది. ఈసారి నేను నిజంగనే గాలిని కాదు, గన్‌మెటల్‌ను కోసిన. నడుమ కరెంటు పోయి చెడిపోయిన బుష్షులు పారేసుకుంట, మళ్ల తీసుకుంట, నలభై పూర్తి చేసిన.

అప్పుడు నాకొక తెలివి పుట్టింది. నాకు తెలివి పుట్టినప్పుడల్ల ఎవరికో ఒకరికి పని వడ్తది. పాపం కడుక్కుందామని ప్రోగ్రాం ఆఖరుకు రెండు వరుసలు కలిపిన. బుష్షు అయినంక టూలు మొఖం మీద రెండుసార్లు తాకుతది. రెండు గీతలు, పక్కపక్కన, నలభైకి నలభై ఒక్కతీరు. బాపు చేతితోని గీసినదానికంటె నాజూకుగ వచ్చినై. బల్ల మీద వరుసగ పేర్చి ఆయన్ని పిలిచిన. మెచ్చుకుంటడనుకున్న. మనసుల నేను అప్పటికే ఏడ్చి, కండ్లు తుడుచుకొని, పెద్ద మనిషినైపోయిన.

బాపు ఒకటి తీసి గోరుతోని గీకిండు. "గివి ఎవలియి?"

"నీయే బాపూ. నీ గీతలు."

"బుష్షు నేను తీసిన్నా?"

"లేదు, గాని..."

"రేపు సీజన్ల గిది బిగుసుకొని డ్రమ్ము ఆగిందనుకో. పటేల్ గీత చూసుకొని నా తానికొస్తడు. తిడతడు. నేను ఏమనాలె? గీత నాది, పని కంప్యూటర్‌ది, తిట్లు సగం సగం అనాలెనా?"

నేను ఇంకో బుష్షు తీసి గోరుతోని గీకిన.

"గీతంటే పేరు అనుకున్నవురా ఇన్ని దినాలు? తిట్లు తినేటోని అడ్రస్ అది." బుష్షు వరుసల పెట్టిండు. "మొన్న నేను తీసినదానికి వద్దన్నవు. ఇయ్యాల తియ్యనిదానికి పెట్టినవు. నీ చదువు నాకు సమజైతలేదు."

"మరి ఏం చెయ్యాలె?"

"తుడువు. నీ అడ్రస్ నువ్వు పెట్టుకో."

సాపు పలక మీద గరుకు ఎమ్రీ కాగితం పరిచి, ఒక్కొక్క బుష్షు బోర్లేసి రాసిన. నలభై. రెండు దినాలు పట్టింది, బొటనవేలు తోలు లేచింది. ఆ పనికి ప్రోగ్రాం ఏదీ దొరకలే. ఆఖరుకు సుత్తె, పంచు పట్టుకొని ఒక్కొక్కదాని మీద చిన్న గాటు కొట్టిన. కంప్యూటర్‌తోని గుర్తు పెట్టొచ్చు, చేతితోనే కొట్టిన, అన్నీ వంకరొచ్చినై.

పటేల్ చూసి మొఖం ముడుసుకున్నడు. "గీ గాటేంది? మొన్నటియి అద్దం లెక్క ఉండె గదా."

"అది నా అడ్రస్ పటేలా. తిట్లుంటే అక్కడికే రాండ్రి."

రానే వచ్చిండు. సీజన్ల ఒక బుష్షు బిగుసుకున్నది, మొఖం మీద నా వంకర గాటు. షెడ్డుల నిలవడి ఆయన తిట్టిన తిట్లకు గోడవతల పెద్దమనిషి తల లేపి, విని, మర్యాదగ దించుకున్నడు. నేను చేతిల పని పక్కన పెట్టి కొత్తది తీసిచ్చిన. బాపు స్టూలు మీద కూసుండి చాయ్ తాగిండు, ఒక్క మాట సాయం రాలే.

తరువాత ఇంకో మూడు వచ్చినై, అన్నీ గాటువే. ఆ ఎనిమిది మాత్రం ఇంతవరకు వాపస్ రాలే. వస్తే బాపు చేతికిచ్చి, ఆదివారం కాని రోజు చూసి, గీతలు పెట్టిద్దామని ఉన్నది. ఏ ఊర్ల ఏ డ్రమ్ముల తిరుగుతున్నయో పటేల్‌కే తెల్వదు. బాపు తీసినవి గదా, రావు.